ఘంటసాల అంటే బ్యాండ్ తగ్గుతుందా?

ఈ నెల ఉత్తరాలు విప్పితే ఎక్కువమంది ఒకే దాని చుట్టూ తిరిగారు. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, ఎగ్జామినర్‌తో ఎదురుగా మాట్లాడే స్పీకింగ్ పరీక్షలో సంగీతం గురించి అడిగితే ఏం చెప్పాలి, ఏం చెప్తే బ్యాండ్ (అంటే ఈ పరీక్షలో ఇచ్చే స్కోరు) తగ్గుతుంది? అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ చేశాను, యూకే కోసం ఐఈఎల్‌టీఎస్ రాస్తున్నాను. ఏ పాటలు ఇష్టమని అడిగితే మా కోచింగ్‌లో ఇంగ్లిష్ పాప్ సింగర్ల పేర్లు చెప్పమంటున్నారు. నేను ఒక్క ఇంగ్లిష్ పాట కూడా పూర్తిగా వినలేదు. నాకు మా తాతయ్య దగ్గర అలవాటైన ఘంటసాల పాటలే ఇష్టం. అలా చెప్తే పాతకాలం మనిషి అనుకుని బ్యాండ్ తగ్గిస్తారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిక్షేపంగా ఘంటసాల అనే చెప్పండమ్మా. ఎగ్జామినర్ చూసేవి నాలుగే. తడబడకుండా పొందికగా మాట్లాడుతున్నారా, మాటలు ఎన్ని రకాలుగా వాడగలుగుతున్నారు, వ్యాకరణం ఎలా ఉంది, పలికింది తేలిగ్గా అర్థమవుతోందా. నాలుగింటికీ సమానంగా మార్కులు. మీ అభిరుచి గొప్పదా కాదా అన్నది అందులో ఎక్కడా లేదు.

అరువు తెచ్చుకున్న ఇష్టంతో వచ్చే చిక్కు రెండో ప్రశ్నలో బయటపడుతుంది. మా దగ్గర ప్రాక్టీస్‌కి వచ్చిన ఒక అబ్బాయి చక్కగా ఒక పాప్ సింగర్ పేరు చెప్పాడు, బాగానే ఉంది, ఆ పాట మొదటిసారి ఎక్కడ విన్నావు అని అడిగేసరికి సీలింగ్ ఫ్యాన్ వంక చూడటం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక, పోనీ నీ ఫోన్‌లో నిజంగా ఏముందో చెప్పమన్నాను. కార్తీకమాసంలో వాళ్ల వీధిలో అయ్యప్ప భజనలు, వాళ్ల బాబాయి తాళం తప్పితే అందరూ నవ్వడం, తెల్లారగట్ల చన్నీళ్లు, ఇలా వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే ఆపకుండా చెప్పుకుపోయాడు. తప్పులున్నాయి, కానీ మాట ఆగలేదు. మీకు నర్సు రిజిస్ట్రేషన్‌కి స్పీకింగ్‌లో 7 కావాలి కదా, మాట ఆగకుండా ఉండటం ముందు కావాలి, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఘంటసాల పేరు మనకి చెప్తే చాలు, ఎదుటి మనిషి ఎక్కడివాడో మనకి తెలియదు, వాళ్లకి ఆ పేరు ఉత్త శబ్దం కావచ్చు. ప్లేబ్యాక్ సింగర్ అన్నా కొందరికి ఎక్కదు, ఎందుకంటే వాళ్ల సినిమాల్లో మనలాగా ప్రతి హీరోకీ వెనక నుంచి ఇంకొకరు పాడే అలవాటు లేదు. కాబట్టి ‘హి శాంగ్ ఫర్ ద ఫిల్మ్స్, అండ్ ద యాక్టర్స్ మూవ్డ్ దెయిర్ లిప్స్’ అని ఒక్క వాక్యం కలపండి. ఆ వెంటనే మీ తాతయ్య రేడియో తీసుకురండి. పొద్దున్నే రేడియో ఎక్కడ పెట్టేవారు, మీరు అప్పుడు ఏం చేస్తుండేవారు, అంతే. స్పీకింగ్‌లోని మూడు భాగాల్లో ఇలాంటి చిన్న ప్రశ్నలుండే మొదటి భాగం మొత్తం 4, 5 నిమిషాలే, అందులో రకరకాల ప్రశ్నలు రావాలి, ఒక్కో జవాబుకి మూడు నాలుగు వాక్యాలు దాటక్కర్లేదు.

ప్రశ్న: నేను బీటెక్ ఫైనలియర్. మెలొడీ సాంగ్స్, మాస్ బీట్, బీజీఎం, మ్యూజిక్ డైరెక్టర్ ఇవన్నీ ఇంగ్లిష్ మాటలే కదా. మా సార్ ఇవి వాడొద్దంటున్నారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే తమ్ముడూ, ఇవి ఇంగ్లిష్ నుంచి వచ్చి మన ఇంట్లో పెరిగిన మాటలు. మెలొడీ సాంగ్ అంటే మనకి నెమ్మదిగా సాగే పాట. ఇంగ్లిష్‌లో మెలొడీ అంటే బాణీ, అది ప్రతి పాటకీ ఉంటుంది, నువ్వు గంతులేసే పాటకి కూడా. అందుకని ‘స్లో, జెంటిల్ సాంగ్స్’ అను. మాస్ బీట్ బదులు ‘లౌడ్ డాన్స్ సాంగ్స్ విత్ హెవీ డ్రమ్స్’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. మ్యూజిక్ డైరెక్టర్ అన్నది ఇంకా తికమక, బయటివాళ్లకి అది ఏ ఆర్కెస్ట్రానో చర్చి బృందాన్నో నడిపించే మనిషిలా వినిపిస్తుంది, మనం అనుకునే మనిషిని వాళ్లు కంపోజర్ అంటారు. ఇళయరాజా కంపోజర్, కీరవాణి కంపోజర్. బీజీఎంని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అని పూర్తిగా అంటే చాలు.

ఇక మన తెలుగువాళ్లందరం చేసే తప్పు, ‘ఐ హియర్ సాంగ్స్’. మనకి రెండింటికీ వినడమే కాబట్టి తేడా తెలియదు. పక్క వీధి మైకు నీ చెవిన పడితే హియర్, నువ్వు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చెవి ఒగ్గితే లిజన్. దాని పక్కన ‘టు’ మింగేయకు, ‘లిజన్ టు సాంగ్స్’ అనాలి. ‘ఐ యామ్ లైకింగ్’ కూడా వద్దు, ‘ఐ లైక్’ సరిపోతుంది. జెనర్ అని పలికే మాట అసలు జాన్‌ర లాగా ఉంటుంది, నోరు తిరక్కపోతే ‘కైండ్ ఆఫ్ మ్యూజిక్’ అని దాటెయ్. మ్యూజిక్కు, సాంగు, బీటు అని చివర ఉకారం తగిలించడం మన అందరికీ పుట్టుకతో వచ్చిన జబ్బు, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే నీకే నవ్వొస్తుంది. (నేను మొదటిసారి నా గొంతు విన్నప్పుడు నవ్వు కాదు, ఏడుపొచ్చింది.)

ప్రశ్న: రెండో భాగంలో విషయం రాసిన కార్డు ఇచ్చి రెండు నిమిషాలు మాట్లాడమంటే నాకు 40 సెకన్లలో అయిపోతోంది. మీ ప్రాంతపు సంప్రదాయ సంగీతం గురించి చెప్పమని ప్రాక్టీస్‌లో వచ్చింది. బతుకమ్మ పాటలు అన్నాను, ‘ఇట్ ఈజ్ వెరీ ఫేమస్, వెరీ నైస్’ అన్నాను, తర్వాత టెన్షన్‌తో ఏమీ రాలేదు.
– ఒక గృహిణి, నల్గొండ

జవాబు: బతుకమ్మ దగ్గర పెట్టుకుని మాటల్లేవంటారేంటండీ! ఫేమస్, నైస్ అన్నారు చూడండి, అవి తలుపులు మూసే మాటలు, వాటి తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. కళ్లు మూసుకుని మీ వాకిట్లో ఏం జరుగుతుందో చూడండి. తంగేడు, గునుగు పూలు ఎవరు తెస్తారు, తాంబాళంలో వరసలు ఎవరు పేరుస్తారు, మధ్యలో బతుకమ్మని పెట్టి ఆడవాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడతారు, ఒకావిడ ఒక వరస అందుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు, చేతిలో వాయిద్యమంటూ లేదు, ఆ చప్పట్లే తాళం. ఈ ఒక్క సంగతి చాలు, వాయిద్యం లేకుండా అంతమంది ఒకే లయలో ఎలా పాడతారో చెప్పడానికే అర నిమిషం పడుతుంది. అలాంటివి తొమ్మిది రోజులు. ఎంగిలిపూల రోజు మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ దాకా వస్తే రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినరే మిమ్మల్ని ఆపాల్సి వస్తుంది. ఆపితే కంగారు పడకండి, టైమైపోయిందని ఆపుతారు తప్ప మార్కులు పోవు.

సిద్ధమవడానికి ఒక నిమిషం, కాగితం, పెన్సిల్ ఇస్తారు. చాలామంది ఆ నిమిషంలో మొదటి వాక్యం అందంగా రాయడానికి కూర్చుంటారు, సగం వాక్యంలో నిమిషం అయిపోతుంది. వాక్యాలు రాయొద్దు. పూలు, అమ్మ, చప్పట్లు, చెరువు, పోయినేడు వాన, ఇలా విడి మాటలు రాసుకోండి, తెలుగులో రాసుకున్నా ఎవరూ కాదనరు. ‘పోయినేడు వాన’ లాంటిది ఒకటి తప్పక ఉండాలి, అంటే మీ ఒక్కరికే జరిగినది. నిరుడు వానలో తడుస్తూ ఆడారా, గొంతు పోయిందా, ఏదో ఒకటి. భూతకాలం, వర్తమానం రెండూ వాటంతటవే వచ్చేస్తాయి, వ్యాకరణానికీ మంచిది.

ప్రశ్న: నాకు అసలు సంగీతమంటే ఆసక్తి లేదు. అబద్ధం చెప్పాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అక్కర్లేదు. లేదని చెప్పి, ఎందుకు లేదో చెప్పండి. బస్సులో డ్రైవర్ పెట్టే పాటల గోల మీకు ఎంత చిరాకో చెప్పినా అది సంగీతం గురించిన జవాబే. ‘నో’ అని ఊరుకోవడం ఒక్కటే తప్పు.

ప్రశ్న: పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మూడో భాగంలో ‘భాష అర్థం కాకపోయినా సంగీతాన్ని ఆస్వాదించగలమా’ లాంటి చర్చ వస్తే టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన జవాబు బట్టీ పట్టాను. సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఇంట్లో బంగారం పెట్టుకుని గిల్టు నగ వేసుకెళ్తానంటున్నారు. బట్టీ జవాబు పట్టుకోవడం ఎగ్జామినర్లకి పెద్ద పని కాదు, గొంతు మారిపోతుంది, కళ్లు ఎక్కడో ఉంటాయి, అడిగిన ప్రశ్న కొంచెం పక్కకి జరగ్గానే జవాబు అతకదు.

మీ ప్రశ్నకి మీ చేతిలోనే ఉదాహరణ ఉంది. త్యాగరాజు 1767 నుంచి 1847 దాకా బతికారు, ఉన్నది తమిళ దేశంలో, కావేరి ఒడ్డున తిరువయ్యారులో, కృతులు రాసింది ఎక్కువగా తెలుగులో. పంచరత్న కృతుల్లో నాలుగు తెలుగు, ఒకటి సంస్కృతం. అక్కడ జరిగే ఆరాధనలో వాటిని వందలమంది కూర్చుని కలిసి పాడతారు, వాళ్లలో తెలుగు రానివాళ్లు ఎంతమందో. భాష రాకుండా పాడొచ్చా, పాడితే భావం ఎంత పోతుంది, మీ గురువుగారు అర్థం చెప్పాక ఏ కృతి మీకు మారిపోయినట్టు అనిపించింది? అది చెప్పండి. మూడో భాగంలో అడిగేది మీ ఒక్కరి ఇష్టం కాదు, మనుషులందరి గురించి, అందుకే మీ అనుభవంతో మొదలుపెట్టినా అక్కడే ఆగకుండా ‘చాలామందికి ఇలా ఉంటుంది, కొందరికి ఉండదు’ అని వెడల్పు చేయాలి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగండి, తప్పేమీ కాదు.

ప్రశ్న: మా కోడలు లండన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లడానికి ఏ1 (ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా మొదటి మెట్టు) పరీక్ష రాస్తోంది. పుస్తకాల్లో ఉన్న కార్డులన్నీ కంఠస్థం చేస్తోంది. నాకు ఇంగ్లిష్ రాదు, ఎలా సాయం చేయాలి?
– ఒక అత్తగారు, ఏలూరు

జవాబు: ముందు ఆ కార్డుల పుస్తకం పక్కన పెట్టించండి. భార్యాభర్తల వీసాకి రాసే ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ ఏ1 వేరే పరీక్ష, బ్యాండ్లు ఉండవు, పాస్ లేదా ఫెయిల్, అంతే. వినడం, మాట్లాడటం మాత్రమే చూస్తారు. లోపలికి ఇద్దరు అభ్యర్థులు కలిసి వెళ్తారు, ఒకరినొకరు ప్రశ్నలు కూడా అడుక్కోవాలి. కంఠస్థం చేసినవాళ్లకి జవాబులు వస్తాయి కానీ ఎదుటివాళ్లని ‘నీకే పాటలు ఇష్టం, ఎప్పుడు వింటావు’ అని అడగడం రాదు, చిక్కంతా అక్కడే.

కాబట్టి మీ వంటింటినే పరీక్ష హాలు చేసేయండి. కూర తరిగేటప్పుడు రేడియోలోనో ఫోన్‌లోనో ఒక పాట పెట్టుకుని, ఆ అమ్మాయిని మిమ్మల్ని ఇంగ్లిష్‌లో మూడు ప్రశ్నలు అడగమనండి. మీకు ఇంగ్లిష్ రాదన్నారు, అదీ ఒకందుకు మంచిదే, అర్థం కాలేదని మీరంటే తను ఇంకా తేలిక మాటల్లో మళ్లీ అడగాల్సి వస్తుంది.