ఓడిపోయేవాడి కథ రాసిన తమ్ముడికి

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. గాజువాక నుంచి వెళ్లి రెజ్లింగ్ కంపెనీలో చేరిన ఆ కుర్రాడు వారం వారం ఓడిపోతుంటే కాగితాలు కింద పెట్టబుద్ధి కాలేదు. పద్నాలుగు పేజీలు అలా నడిపి, పదిహేనో పేజీలో వాడికి ఛాంపియన్ బెల్టు ఇప్పించేశావు. వాళ్లమ్మని ఏడిపించావు. అక్కడ నాకు నీ మీద కోపం వచ్చింది. అప్పటిదాకా వాడు తిన్న దెబ్బలన్నీ ఆ బెల్టుకి కట్టిన వాయిదాలైపోయాయి.

నాకూ ఇలా ఓడిపోయే రెజ్లర్లంటే ప్రాణం, చిన్నప్పటి నుంచీ. తొంభైల్లో అల్లిపురంలో మా వీధికి కేబుల్ వచ్చింది. సాయంత్రమైతే పిల్లలందరం మా పిన్ని వాళ్లింట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ షో ముందు చేరేవాళ్లం. పేరున్నవాడు వస్తే పాట, లైట్లు, పొగ. ఎదురుగా ఇంకొకడు అప్పటికే రింగులో నిలబడి ఉండేవాడు. వాడికి పాట ఉండదు. అలా ముందే నిలబడి ఉన్నాడంటే ఈరోజు పోయేది వాడేనని మాకు తెలిసిపోయేది. పిన్ని గోంగూర వలుస్తూ ఒక కన్ను టీవీ మీద వేసేది. ఒకరోజు అడిగింది: “ఈ అబ్బాయికి ఇంట్లో ఎవరూ లేర్రా? వచ్చిన ప్రతిసారీ తన్నులు తిని పోతాడు!” ఆ తర్వాత మేం టీవీ పెట్టగానే వంటింట్లోంచి “వాడొచ్చాడా?” అనేది. ఛాంపియన్ల పేర్లు ఆవిడకి ఒక్కటీ తెలియవు.

నీ కథలో జనం అంతా ఒకే ముద్దగా ఈలలు వేస్తారు. అందులోంచి ఒక్క మనిషిని బయటికి తియ్యి. ఎవరు చూస్తున్నారు, చేతిలో పని ఏ క్షణంలో ఆగింది, అది రాయి.

మా దగ్గర ఒక్కో రెజ్లర్‌కి ఒక్కో కార్డున్న ట్రంప్ కార్డులు కూడా ఉండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, ఆడిన పోటీలు, గెలిచిన పోటీలు, ర్యాంకు. గెలిచిన పోటీల దగ్గర చిన్న అంకె ఉన్న కార్డు వస్తే అందరూ మొహం మాడ్చుకునేవాళ్లు. నేను “ఆడిన పోటీలు” అని పిలిచి, ఆ అంకె పెద్దదిగా ఉన్న అదే కార్డుతో వాళ్ల కార్డు లాక్కునేవాణ్ని. నీ కుర్రాడి విషయంలో ఆ లెక్క లేదు. ఎన్నిసార్లు రింగులోకి దిగాడు? మూడోసారి దిగినవాడికీ ముప్పయ్యోసారి దిగినవాడికీ నడకలో తేడా ఉండదా?

డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఆడిన బారీ హోరోవిట్జ్ పాత వీడియోలు దొరికితే చూడు. ఏళ్ల తరబడి ఓడిపోవడమే అతని ఉద్యోగం. ఆ రంగంలో అలాంటివాణ్ని జాబర్ అంటారు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఎదుటివాడు బలశాలిగా కనబడేలా పడటం ఇతని పని. ఆ మనిషి ఒక్క మంచి పట్టు పడితే చాలు, చెయ్యి వెనక్కి తిప్పి తన వీపు తానే తట్టుకునేవాడు. కాసేపటికే మట్టి కరిచేవాడు. 1995లో స్కిప్ అనేవాణ్ని ఓడించినప్పుడు, ఆ ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో మళ్లీ ఓడించినప్పుడు అభిమానులు ఊగిపోయారు. ఆ కంపెనీలో ఛాంపియన్ మాత్రం కాలేదు. నా కళ్లల్లో ఇప్పటికీ మిగిలింది ఆ చెయ్యే. నీ కుర్రాడికీ అలాంటిది ఒకటుంది, రాసింది నువ్వే. ఉత్తరం చివర చెబుతాను.

వాడు పడటాన్ని నువ్వు “దబ్బున పడ్డాడు” అని తేల్చేశావు. నీ కథ అంతా ఆ రెండు మాటల కింద నలిగిపోయింది తమ్ముడూ. రింగు అడుగున ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, ఆపైన పల్చటి ఫోమ్, మీద గుడ్డ. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం గుండెకి ఆనించుకోవాలి, లేకపోతే తల వెనక భాగం తగులుతుంది. చేతులు చాచి అరచేతులతో నేలని చరచాలి, ఊపిరి వదిలెయ్యాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట దిగకుండా వీపంతా పరుచుకుంటుంది. ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినబడేది ఆ చప్పుడే. దీన్నే బంప్ అంటారు. ఫలితం ముందే రాసుకున్నా నొప్పి నిజమైనదే. పైగా ఎత్తి పడేసేవాడి చేతుల్లో వీడి మెడ ఉంటుంది, వీడు సరైన క్షణంలో ఎగిరితేనే వాడు ఎత్తగలిగేది. గెలిచినవాడి బలంలో సగం ఓడినవాడి మోకాళ్లలోంచి వస్తుంది. ఈ సంగతి తెలిసిన మనిషి ఆ రాత్రి లాడ్జి గదిలో ఏ పక్కకి తిరిగి పడుకుంటాడు? నాకు అది కావాలి.

గెలుస్తాడా లేదా అనే టెన్షన్ మీద కథ నడపకు. ఓడిపోతాడని మొదటి వాక్యంలోనే చెప్పెయ్. భయపడకు, పాఠకుడు వెళ్లిపోడు. భుజాలు నేలకి ఆనించి పట్టినప్పుడు రెఫరీ మూడు లెక్కపెడితే ఓడినట్టే; ఒకటి, రెండు అని నేల చరిచాక, మూడో దెబ్బ పడేలోపు భుజం లేస్తుంది చూడు. వాడు ఓడిపోయేవాడేనని తెలిసి కూడా మా పిన్ని చేతిలో గోంగూర కాడ అక్కడే ఆగిపోయేది.

అయితే గెలిపించనే కూడదా అంటావు. గెలిపించు, కానీ వాడి పద్ధతిలో. ఈసీడబ్ల్యూ అనే ఇంకో అమెరికా రెజ్లింగ్ కంపెనీలో మైకీ విప్‌రెక్ అనే కుర్రాడుండేవాడు. రింగు బిగించే పనివాళ్లలో ఒకడు. మన దగ్గర షామియానా వేసే కుర్రాడిని స్టేజీ ఎక్కించినట్టన్నమాట. తిరిగి ఒక్క దెబ్బ కొట్టడం చేతకానివాడిలాగే 1994లో ఒక టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది అక్టోబరులో పెద్ద టైటిల్ కూడా వచ్చింది. కర్ట్ హాకిన్స్ అనే ఇంకో రెజ్లర్ వరసగా 269 పోటీలు ఓడాడు. 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియా అనే పెద్ద షోలో, పాత జోడీ జాక్ రైడర్ పక్కన ఉండగా, కింద పడి ఉన్నవాడు ఉన్నట్టుండి ఎదుటివాణ్ని చుట్టేసి మూడు లెక్క అయ్యేదాకా వదల్లేదు. పడి ఉండటం అతనికి బాగా వచ్చిన విద్య, దాంతోనే గెలిచాడు. నీ కుర్రాడేమో పదిహేనో పేజీలో ఎక్కడి నుంచో కొత్త కండలు తెచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం దగ్గరికి రా. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్న మహానుభావుడు. అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు ఆయనతో పట్టు పట్టి కింద పడ్డవాళ్లు కూడా గుర్తొస్తారు. వచ్చేటప్పుడు రాతప్రతి తీసుకురా, కూర్చుని చూద్దాం.

తొమ్మిదో పేజీలో, ఓడి బయటికి వస్తూ నీ కుర్రాడు మెట్ల మీద పడి ఉన్న తువ్వాలు తీసి నాలుగు మడతలు పెడతాడు. అది కూడా తనది కాదు, తనని ఓడించినవాడిది. ఆ వాక్యంలో ఒక్క అక్షరం ముట్టుకోకు. పదిహేనో పేజీ కొట్టేసి, ఆ తువ్వాలు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టు.

నీ అన్నయ్య