కథలో కొండజాతి, వసారాలో వేరే గ్లాసు

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మూడు తరాలుగా ఇక్కడే కిరాణా వ్యాపారం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడాదిగా ఒక లాంగ్ నోటుబుక్కులో ఫాంటసీ కథ రాస్తున్నాడు. అందులో ఏటిజాతికీ కొండజాతికీ వందల ఏళ్ల పగ. కొండజాతి వాళ్లు మొరటువాళ్లు, చదువు ఎక్కనివాళ్లు. వాళ్ల ఆడవాళ్లకి సాగిన చెవులు, నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చబొట్టు. మావాడి ప్రాణస్నేహితుడు సవర అనే గిరిజన తెగ అబ్బాయి, హాస్టల్లో ఉంటాడు. ఆ పుస్తకం తీసుకెళ్లి చదివి, ‘మా నానమ్మని గీశావు’ అని తిరిగిచ్చేశాడట. నెలరోజులైంది, మా ఇంటికి రావడం లేదు. మావాడు సరిగా అన్నం తినడం లేదు. కట్టుకథకి ఇంత గొడవేంటి అంటారు మావారు. కొండోళ్లతో స్నేహం పోతే మంచిదేగా అంటారు మా అత్తగారు. ఆ అబ్బాయి వచ్చినప్పుడు వసారాలోనే కూర్చునేవాడు. అత్తగారు వేరే గ్లాసులో నీళ్లిచ్చేవారు. నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఆ పుస్తకం చించేయమని చెప్పనా? స్వీట్లు పట్టుకుని హాస్టల్‌కి వెళ్లనా? కొన్ని పేజీల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. మీ అబ్బాయి చెడ్డవాడు కాడు, చేయి తిరిగిన పిల్లాడు. ఏటిజాతి రాజ్యం మధ్యలోంచి ఎవరో దూరాన కూర్చుని ఎర్రగీత గీశారనీ, అన్నదమ్ముల పిల్లలు ఆ గీతకి చెరోవైపు పడిపోయి, ఒకవైపు వాళ్లకి సొంత భాషలో బడి లేకుండా పోయిందనీ రాశాడు. ఆ పేజీ చదివితే నాకు గొంతు పట్టేసింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసిన సంగతి వాడు ఇంట్లో పెద్దవాళ్ల నోట వినే ఉంటాడు. బడిలో తననెవరైనా ‘తెలుగోడు’ అని వేరు చేసి చూసిన రోజులూ ఉండి ఉంటాయి. అదంతా కథలోకి తెచ్చుకున్నాడు.

మరి కొండజాతికి ఏం రాశాడు? వాళ్లు పుట్టుకతోనే కోపిష్టులు అన్నాడు. ఎందుకు కోపం అన్నది ఒక్క లైను కూడా లేదు. ఏటిజాతికి చరిత్ర ఉంది, బాధ ఉంది, తాతముత్తాతలున్నారు. కొండజాతికి స్వభావం తప్ప ఇంకేం లేదు. ఆ స్నేహితుడి మనసు విరిగింది అక్కడేనని నాకనిపిస్తోంది. చెవులూ పచ్చబొట్టూ చూసి వాళ్ల నానమ్మని గుర్తుపట్టాడు. కానీ ఆవిడ గురించి చెప్పుకోవడానికి ఆ పుస్తకంలో ఏమీ దొరకలేదు.

కొండవాళ్లకి మైదానపు వాళ్లంటే ఎందుకు అనుమానమో మన జిల్లాల్లో పెద్దవాళ్లకి తెలియనిది కాదు. అప్పు కింద పంటని కళ్లంలోనే కొలిచి పట్టుకుపోవడం, వడ్డీకి వడ్డీ కట్టి పోడు కాక ఉన్న కాస్త భూమి చెక్క కూడా రాయించుకోవడం ఇక్కడ జరిగినవే. గిరిజనుల భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా 1956లో ఒడిశా ప్రభుత్వం ప్రత్యేకంగా రెగ్యులేషన్ తెచ్చిందంటే, అప్పటికి ఎంత పోయి ఉంటుందో ఆలోచించండి. మీ కుటుంబం అలా చేసిందని నేననడం లేదు. కానీ మూడు తరాల కొట్టు కాబట్టి, సంతకి చింతపండూ కొండచీపుళ్లూ దించిన వాళ్లతో తూకం దగ్గర ఎలా మాట్లాడేవారో మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అబ్బాయి అడిగితే దాచకుండా చెప్పమనండి.

మీవారు కట్టుకథే కదా అంటున్నారు. కట్టుకథలో ఏమైనా పెట్టొచ్చు. నీలం చర్మం పెట్టొచ్చు, రెక్కలు పెట్టొచ్చు. వాడు ఆ చెవులే పెట్టాడు. ఇంకొకటి చూశారా? కోట బయట కొండజాతికి వేరే రాతి దొప్పలు ఉంటాయని రాశాడు, నీళ్లు తాగడానికి. అమ్మా, అది వాడి ఊహ కాదు. మీ వసారాలో గ్లాసు చూసి రాశాడు. ఆ ముక్క మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఉత్తరంలో గ్లాసు సంగతి దాచకుండా మీరే రాశారు. అంటే అది మీ మనసులో ఎప్పటినుంచో గుచ్చుకుంటూనే ఉందన్నమాట.

పుస్తకం చించనివ్వకండి. చించేస్తే తప్పు మాయమైందనుకుంటాడు, రాయడం కూడా మానేస్తాడు. స్వీట్లు పట్టుకుని మీరు హాస్టల్‌కి వెళ్లకండి. నలుగురి ముందు ఆ పిల్లాడు ‘పర్వాలేదాంటీ’ అనక తప్పని స్థితి వస్తుంది. మీవాడే వెళ్లాలి, ఒక్కడే, చేతిలో ఏమీ లేకుండా. ‘నువ్వు బాధపడి ఉంటే సారీ’ అని అనకూడదు. ‘మీ నానమ్మని అలా గీయడం తప్పు, నేను ఆలోచించకుండా రాశాను’ అని చెబితే చాలు. వాళ్లిద్దరూ ఒడియాలో మాట్లాడుకుంటారేమో, ఏ భాషలో సులువైతే ఆ భాషలోనే చెప్పనివ్వండి. ‘నువ్వే కరెక్ట్ చేసి పెట్టరా’ అని పుస్తకం అతని చేతిలో పెట్టకూడదు. ఆ పని మీవాడిది. తర్వాత అతను మాట్లాడతాడా, టైం తీసుకుంటాడా, అది అతనిష్టం. రోజూ ‘వచ్చాడా, మాట్లాడాడా’ అని మీరు వాకబు చేస్తే మీవాడికి టెన్షన్ పెరుగుతుంది.

ఈలోగా వాడికి గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పండి. తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజునే చేసుకుంటామని వాడికి తెలిసే ఉండొచ్చు. అదే పెద్దాయన పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, సవర భాష వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడనీ, సవర పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు రాశాడనీ, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయనీ చెప్పండి. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోయిందన్న బాధతో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయింది కూడా ఆయనే. మీవాడు గీసిన ఆ ఎర్రగీత ఆయన గుండెల్లోంచీ పోయింది. అదే 1936లో సవర మనిషే అయిన మంగెయి గొమాంగొ తమ భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. చదువు ఎక్కని జాతి అని రాసిన పిల్లాడికి ఆ అక్షరాలు ఒకసారి చూపించండి. కొండజాతి కథ ఎక్కడ మొదలుపెట్టాలో వాడే కనుక్కుంటాడు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి, అందులో గెలవలేరు. ఆవిడ రోజూ దండం పెట్టే జగన్నాథుణ్ణి మొట్టమొదట అడవిలో పూజించింది కొండజాతి శబరుడైన విశ్వావసువేనని పూరీ స్థలపురాణం చెబుతుంది. ఎప్పుడైనా తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆ కథ ఆవిడ నోటితోనే మనవడికి చెప్పించండి. ఆవిడ మారతారని నేను హామీ ఇవ్వలేను. కానీ ఇంట్లో ‘కొండోళ్లు’ అన్న మాట వచ్చినప్పుడు మీరు ఊరుకోకపోతే అబ్బాయికి వినబడుతుంది. ఇన్నాళ్లూ వాడికి మీ మౌనం కూడా వినబడింది.

ఆ పిల్లాడు మళ్లీ మీ గుమ్మం ఎక్కితే వంటింట్లోకి పిలిచి, మీవాడి పక్కన పీట వేసి వడ్డించండి. ఎప్పుడొస్తాడో మనకు తెలియదు. అందాకా ఆగకుండా, వసారా గూట్లో ఉన్న ఆ గ్లాసుని ఇవాళే లోపలికి తీసుకెళ్లి మిగతా గ్లాసుల్లో కలిపేయండి.