కామెర్లు తగ్గకముందు చేయించిన కొలెస్ట్రాల్ పరీక్షను నమ్మవచ్చా?

మీ నాన్నగారికి కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ 11 ఉందని, రెండు ల్యాబుల్లో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ రెండు రకాలుగా వచ్చిందని, ఏది నమ్మాలని అడిగారు. నా మాట వింటే ప్రస్తుతానికి రెండింటినీ పక్కన పెట్టండి.

నేను చెన్నైలో పదహారేళ్లుగా ల్యాబు టెక్నీషియన్‌ని. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చిన మా బాబాయిని సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో మా ఇంటికి తీసుకొచ్చారు. అప్పటికే పది రోజులు నేలఉసిరి రసం తాగించారు. దానికి రాయి కరుగుతుందా! రక్తం నేనే తీశాను. మామూలుగా సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) లేత గడ్డి రంగులో ఉంటుంది, ఆయనది ఆవనూనెలా ఉంది. మొత్తం కొలెస్ట్రాల్ 412, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 12, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు 210, లెక్కగట్టిన ఎల్‌డీఎల్ 358. మరో ల్యాబులో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిస్తే 170. పిన్ని ఆ పూటే నెయ్యి గిన్నె అటక ఎక్కించింది.

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ల్యాబులో ఆ బాధ యంత్రానికీ తప్పదు. ఈ పరీక్షలో ఎంజైములు కొలెస్ట్రాల్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, దానితో ఎర్రటి రంగు వస్తుంది. సుమారు 500 నానోమీటర్ల కాంతిలో యంత్రం ఆ రంగును కొలుస్తుంది. బిలిరుబిన్ పసుపు ఆ కాంతికి అడ్డు తగులుతుంది. పైగా అది పెరాక్సైడ్‌ను కొంత తినేస్తుంది కనుక అంకె సాధారణంగా తగ్గే వైపే మొగ్గుతుంది.

మరి బాబాయికి పెరిగిందెందుకు? పిత్తం పేగులోకి దిగే దారి మూసుకుపోతే అందులోని ఫాస్ఫోలిపిడ్లు, కొలెస్ట్రాల్ వెనక్కి తన్ని రక్తంలో లైపోప్రొటీన్ ఎక్స్ అనే కణాలుగా తేలతాయి. సాంద్రతలో అవి ఎల్‌డీఎల్‌ లాంటివే, కానీ ఎల్‌డీఎల్‌కు ఉండే అపోబి ప్రొటీన్ వాటిలో ఉండదు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేసి, మిగిలినదంతా ఎల్‌డీఎల్ కింద రాస్తుంది. ఆ కణాలు కూడా ఆ ఖాతాలోనే పడ్డాయి. నేరుగా కొలిచే కిట్లు వీటిని ఒక్కోటి ఒక్కోలా లెక్కిస్తాయి. అందుకే ఆ తేడా, ఏ ల్యాబూ అజాగ్రత్తగా చేసిందని కాదు.

డాక్టరు సలహా మీద బాబాయికి, ఆ కణాల లెక్క కలవని అపోబి పరీక్ష చేయిస్తే 98 వచ్చింది, భయపడాల్సినంత లేదు. ఎండోస్కోపీతో రాయి తీయించి, కళ్లు తెల్లబడ్డాక రెండు నెలలకు మళ్లీ పరీక్షిస్తే ఎల్‌డీఎల్ 116. మీరూ అపోబి గురించి మీ డాక్టరును అడగండి. నాన్నగారు ఇప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి.

ఇంకొకటి, ఆయన రిపోర్టులో సోడియం కూడా తక్కువగా ఉంటే గాబరాపడకుండా డాక్టరుకు చూపించండి. లైపోప్రొటీన్ ఎక్స్ కణాలు బాగా పేరుకున్నప్పుడు, సీరాన్ని పలుచన చేసి కొలిచే యంత్రాలు సోడియంను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. ఐసీయూల్లో ఉండే బ్లడ్ గ్యాస్ యంత్రం పలుచన చేయకుండా కొలుస్తుంది, అందులో మళ్లీ చూడమనవచ్చు.