ట్రాన్స్‌ప్లాంట్, క్యాన్సర్ పేషెంట్లకి ఇన్ఫెక్షన్లు చూసే డాక్టర్‌గా వెళ్తే లైఫ్ ప్రశాంతంగా ఉంటుందా?

జనరల్ మెడిసిన్ ట్రైనింగ్ అయిపోవస్తోంది, ఇమ్యూనిటీ తగ్గిన పేషెంట్ల ఇన్ఫెక్షన్ల వైపు వద్దామనుకుంటున్నా, ఆపరేషన్లు ప్రొసీజర్లు లేవు కాబట్టి కాస్త ప్రశాంతంగా ఉంటుందా అని అడిగారు. ప్రొసీజర్లు లేని మాట నిజమే. ప్రశాంతం సంగతి చెప్తా, పదేళ్లు పైనే అయింది నేను ఇందులోకి వచ్చి.

ముందు ట్రైనింగ్. మెడిసిన్ తర్వాత ఇన్ఫెక్షన్లలో ఫెలోషిప్ రెండేళ్లు చేశా, ఆపైన ఇంకో ఏడాది పూర్తిగా ట్రాన్స్‌ప్లాంట్, బ్లడ్ క్యాన్సర్ వార్డుల్లోనే. ఆ ఆఖరి ఏడాది మొదటి వారంలోనే నా పరువు పోయింది. కిడ్నీ మార్పిడి అయిన ఆయనకి జ్వరం, నేను కల్చర్లు, ఎక్స్‌రే, తెల్లకణాలు అన్నీ గడగడా చెప్పుకుపోతుంటే మా సీనియర్ మేడమ్ మధ్యలో ఆపి "ఆపరేషన్ అయి ఎన్ని రోజులైంది?" అన్నారు. నాకు తెలీదు, ఫైల్ కోసం పరిగెత్తా. ఆ ఒక్క నంబర్‌లో సగం డయాగ్నసిస్ ఉంటుందని తర్వాత తెలిసింది. మొదటి నెల అయితే కుట్లు, క్యాథెటర్లు, హాస్పిటల్‌లో పట్టుకునే బ్యాక్టీరియా, ఒకటి నుంచి ఆరు నెలల మధ్య సైటోమెగలో వైరస్, న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తులకి పట్టే ఒక ఫంగస్), మిగతా ఫంగస్‌లు, అది కూడా దాటితే ఎక్కువగా మామూలు మనుషులకి వచ్చేవే. ఇప్పుడు ముందు జాగ్రత్తగా ఆ వైరస్‌కి వాల్‌గాన్‌సిక్లోవిర్, న్యుమోసిస్టిస్‌కి కోట్రైమాక్సజోల్ ఇస్తున్నాం కాబట్టి ఈ లెక్క కొంచెం ఆలస్యంగా జరుగుతోంది, వైరస్ చాలాసార్లు మందు ఆపిన కొన్ని వారాలకి బయటపడుతుంది, అందుకే ఆపిన తేదీ కూడా అడగాలి.

ఇంకా కష్టమైనది, రుజువు లేకుండా మందు పెట్టడం అలవాటవ్వడం. న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలు) 500 కన్నా తక్కువున్న పేషెంట్‌కి 38.3 సెల్సియస్ జ్వరం వచ్చిందంటే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి, కారణం తర్వాత వెతుక్కోవచ్చు. చీము పట్టడానికి కూడా కణాలు లేని ఒళ్లు అది, ఎక్స్‌రే శుభ్రంగా కనపడుతుంది, స్టెరాయిడ్ మీద ఉంటే ఆ జ్వరం కూడా రాకపోవచ్చు. ఊపిరితిత్తిలో మచ్చ కనపడి బయాప్సీ చేద్దామంటే ప్లేట్‌లెట్లు పది వేలే ఉంటాయి, రక్తం ఆగదు, రక్తంలో గెలాక్టోమానన్ (ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ జాడ చెప్పే టెస్ట్) చూద్దామంటే అప్పటికే ఫంగస్ మందు నడుస్తుంటే అది నెగటివ్ రావచ్చు. ఆ మచ్చ ఆస్పర్‌జిల్లస్ అనుకుని వోరికొనజోల్ అనే ఫంగస్ మందు పెట్టి, నిజంగా అక్కడుంది మ్యూకార్ అనే ఇంకో ఫంగస్ అయితే ఆ మందు దాన్ని ఏమీ చేయదు. ఇవన్నీ తెలిసి ఒక మందు రాసి ఇంటికెళ్లి పడుకోవాలి. మొదటి రెండేళ్లు నాకు నిద్ర పట్టేది కాదు, అబద్ధం ఎందుకు.

ఇక డ్యూటీ. ఎవరూ ముందుగా చెప్పని విషయం ఏంటంటే పేషెంట్ మన పేషెంట్ కాదు. సర్జన్ పేషెంటో హెమటాలజీ వాళ్ల పేషెంటో అయ్యుంటారు, మనం సలహా ఇచ్చేవాళ్లం అంతే, పాటిస్తారో లేదో వాళ్లిష్టం. నేను కొత్తలో చేసిన తప్పు ఒకటి చెప్తా. ఒక లివర్ ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్‌కి వోరికొనజోల్ మొదలుపెట్టమని రాశా, దాంతో రక్తంలో టాక్రోలిమస్ (కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) లెవెల్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి ఆ డోస్ మూడో వంతుకి తగ్గించమని కూడా రాశా, కానీ పేజీన్నర నోట్‌లో ఆఖరి లైన్‌లో రాశా. వోరికొనజోల్ మొదలైంది, రెండోది ఎవరూ చదవలేదు. నాలుగో రోజుకి చేతులు వణుకుతున్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ డబుల్ అయింది. "రాశాను కదా" అని నేను, "ఫోన్ చేసి చెప్పొచ్చు కదా" అని వాళ్లు. టాక్రోలిమస్ డోస్ ఆపితే కిడ్నీలు కోలుకున్నాయి, అదృష్టం. కానీ వాళ్లన్నదే కరెక్ట్. అప్పట్నుంచి ముఖ్యమైనది ఏదైనా ఫోన్ చేసి చెప్పాకే నోట్ రాస్తా, అది కూడా మొదటి లైన్‌లో.

దాంతో రోజంతా ఫోన్లే. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలుపెడుతున్నారా, అయితే టాక్రోలిమస్ పడిపోతుంది, అవయవం రిజెక్ట్ అవుతుంది చూసుకోండి. తెల్లకణాలు పడిపోయాయా, వాల్‌గాన్‌సిక్లోవిర్ వల్లేమో. పెద్ద డోస్ స్టెరాయిడ్ ఇవ్వబోతున్నారా, స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగుకి టెస్ట్ చేశారా, అది ఒంట్లో దాక్కుని ఉంటే స్టెరాయిడ్‌తో ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. ఇలాంటి ఫోన్ కాల్ ఒక ప్రాణం కాపాడొచ్చు కానీ ఏ లెక్కలోనూ రాదు, దానికి బిల్లు ఉండదు, నెలాఖరు రిపోర్ట్‌లో మనం కొత్తగా చూసిన కన్సల్ట్‌లే (వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు సలహా కోసం పిలిచిన కేసులు) కనపడతాయి. స్కోప్‌లు స్టెంట్‌లు వేసే ఫ్రెండ్స్‌తో జీతం పోల్చుకోకండి, మనసు పాడవుతుంది. యాంటీబయాటిక్ ఆపమని ఒప్పించడానికి నలభై నిమిషాలు వాదించిన రోజులున్నాయి, పెట్టించడానికి మాత్రం ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

ఇంకోటి, ఒంట్లో బాలేకపోయినా డ్యూటీకి రావడం డాక్టర్లు గొప్పగా చెప్పుకుంటారు కదా, ఇక్కడ అది ప్రమాదం. మనకి జలుబుగా అనిపించే వైరస్ బోన్‌మారో వార్డులో న్యుమోనియా అవుతుంది. అలా ఉన్నప్పుడు డ్యూటీకి రాకూడదు, కానీ మన బదులు వచ్చేవాళ్లు ఉండరు, నేను ట్రైనింగ్ చేసిన చోట ముగ్గురమే ఉండేవాళ్లం, ఒకళ్లకి ఫ్లూ వస్తే మిగతా ఇద్దరం వారమంతా నిలబడే తినేవాళ్లం.

చావులు కూడా ఉంటాయి, నెలల తరబడి చూసిన మనుషులు. ఒకమ్మాయికి పన్నెండు వారాలు కష్టపడి ఫంగస్ తగ్గించాం, సీటీ క్లియర్ అయిన వారానికే లుకేమియా తిరగబెట్టింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

అయినా వేరే లైన్‌కి మారాలని నాకెప్పుడూ అనిపించలేదు, ఒక్కో కేసు అంత పట్టి లాగుతుంది. మీరు నిజంగా రావాలనుకుంటే ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు అక్కడి పెద్ద పేర్లు చూడకండి, ఇప్పుడు అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న ఫెలోని పట్టుకుని టాక్రోలిమస్, వోరికొనజోల్ లెవెల్ రిపోర్ట్ ఎన్ని రోజులకి వస్తుందో, రౌండ్స్‌లో ఫార్మసిస్ట్ ఉంటారా, రాత్రి ఫోన్ మొదట ఎవరికి వెళ్తుందో అడగండి. లెవెల్ రావడానికి వారం పట్టే చోట నేనైతే చేరను. వీలైతే నాలుగు రోజులు అక్కడ అబ్జర్వర్‌గా తిరగండి, అయితే సోమవారం పొద్దున కాదు, శుక్రవారం సాయంత్రం నుంచి వెళ్లండి, వారమంతా దాచుకున్న కన్సల్ట్‌లన్నీ అప్పుడే వచ్చి పడతాయి.