టాప్ తీసేసిన బండిని వదిలి వెళ్లేటప్పుడు

చి. అమ్మడుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజీ చూశాను. బండి బాగుంది, తోలుతుంటే ప్రాణం లేచొస్తోంది, కానీ ఎక్కడైనా ఆపి నాలుగడుగులు వేసేసరికి మనసు వెనక్కే లాగుతోంది అన్నావు. పైన గుడ్డ టాప్ తీసేసే వీలున్న కారు కొన్న ప్రతివాళ్లకీ మొదట్లో ఉండేదే ఇది. ఇలాంటి బళ్లతోనే నా వయసు సగం గడిచింది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. కాస్త తీరిగ్గా చదువు.

ముందు నీ భయాన్ని మూడు ముక్కలు చెయ్యి. బండిలోవి పోవడం ఒకటి, బండే పోవడం ఒకటి, ఊరికే ఎవడో వచ్చి పాడుచేసి పోవడం ఇంకొకటి. మామూలు కారుకి తలుపు తాళమొక్కటే ఈ మూడింటికీ ఎంతోకొంత అడ్డు. నీ బండికి ఆ తాళం దేనికీ అడ్డు కాదు. అందుకని దేని ఏర్పాటు దానికి విడివిడిగా చూసుకోవాలి.

బండిలోవాటి సంగతి తేలిక. ఏమీ ఉంచకు, అంతే. అయితే "ఏమీ" అంటే చాలామందికి పర్సూ ఫోనూ మాత్రమే గుర్తొస్తాయి. దొంగ చూసేది అవే కాదు. వేలాడే చార్జర్ వైరు కనబడితే ఫోనో, ఇంకేదో లోపల ఎక్కడో ఉందనుకుంటాడు. ముందద్దం మీద ఫోన్ స్టాండు పీకేశాక గుండ్రంగా మచ్చ మిగులుతుంది చూడు, ఎండలో బాగా కనిపిస్తుంది. అదీ గుడ్డతో తుడిచెయ్యాలి. సీటు మీద పాత జాకెట్టు ఉంటే దాని కింద ఏముందోనని ఎత్తి చూస్తాడు. ఖాళీ సంచి అయితే మరీ ప్రమాదం. అది ఖాళీ అని నీకు తెలుసు, వాడికి తెలియదు కదా. నేనైతే గ్లోవ్ బాక్స్ తలుపు తెరిచే వదిలేస్తాను. ఏమీ లేదని వాడికి పగలగొట్టకుండానే తెలిసిపోతుంది.

డిక్కీలో పెట్టాల్సింది ఏదైనా ఉంటే బయల్దేరేముందే పెట్టుకో. దిగాక, నలుగురూ చూస్తుండగా డిక్కీ తెరిచి బ్యాగు లోపల పెట్టి మూస్తే, అది ఎక్కడుందో నువ్వే చూపించినట్టు. తీసుకెళ్లలేనివి తప్పవు అనుకుంటే సీటు కిందో వెనకాలో బాడీకి బోల్టులతో బిగించే ఇనప పెట్టె పెట్టించుకో. పెట్టెకి ఎంత మంచి తాళం ఉన్నా, బోల్టుల తలలు పెట్టె లోపలివైపు ఉండాలి. బయటికి ఉంటే స్పానరుతో పెట్టె మొత్తం ఊడదీసుకుపోతారు. బండి కాగితాల అసళ్లు ఇంట్లో ఉంచి, ఫోన్లో కాపీలు పెట్టుకో. ఇంటి అడ్రసు ఉన్న కాగితం, ఇంటి తాళంచెవి బండిలో అసలు ఉండకూడదు.

ఇక అందరూ అడిగేది, వాదించుకునేది ఒకటుంది. టాప్ వేసి ఉన్నప్పుడు తలుపులకి తాళం వెయ్యాలా, వద్దా?

గుడ్డ టాప్‌ని కొయ్యడానికి చాకు చాలు, క్షణం పట్టదు. లోపల చిల్లర నాణేలు తప్ప ఏమీ దొరక్కపోవచ్చు, కానీ ఆ కోత వల్ల నీకయ్యే ఖర్చు వాడికి దొరికినదానితో పోలిక లేనంత ఉంటుంది. అందుకే పాతకాపులు చాలామంది తలుపు తాళం వెయ్యరు. చూడాలనుకున్నవాడు తలుపు తీసి చూసి, ఏమీ లేదని పోతాడు, టాప్ మిగులుతుంది అని వాళ్ల లెక్క. జిప్పు కిటికీలున్న బళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. 1989లో వచ్చిన తొలితరం మజ్దా ఎమ్‌ఎక్స్-5 అనే రెండు సీట్ల కారు వెనక కిటికీ ప్లాస్టిక్‌దే, జిప్పుతో విప్పేది. అలాంటి కిటికీ చిరిగితే ఆ ముక్కొకటి మార్చుకోవచ్చు. గుడ్డే తెగితే పని పెద్దది. రెండో తరం నుంచి గాజు కిటికీ వచ్చాక ఈ మాట వాటికి వర్తించదు. జీప్ రాంగ్లర్ పాత మోడళ్ల గుడ్డ టాప్‌కి కూడా జిప్పు కిటికీలే ఉండేవి. లోపలికి రావాలనుకున్నవాడికి చాకుతో పనే లేదు.

నా మాటేమిటంటే, ముందు నీ ఇన్సూరెన్సు పాలసీ తీసి చదువు. తాళం వెయ్యని బండికి క్లెయిము ఇవ్వం అని గానీ, తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి అని గానీ రాసి ఉంటే, మారు ఆలోచించకుండా తాళం వెయ్యి. చిరిగిన టాప్ కుట్టించుకోవచ్చు, తిరగ్గొట్టిన క్లెయిముని ఏం చేస్తావు? అలాంటి షరతు లేదని తేలితేనే పాతకాపుల పద్ధతి. అప్పుడు కూడా టాప్ మూసి ఉన్నప్పుడు, లోపల నిజంగా ఏమీ లేనప్పుడు మాత్రమే. తాళంచెవి బండిలో వదిలేసి దిగడం మాత్రం ఏ పద్ధతిలోనూ కుదరదు. "ఒక్క నిమిషమే కదా" అన్నా సరే.

బండే పోకుండా చూసుకోవడం దగ్గర నీ బుర్రకి నిజంగా పని ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుల్లో చాలావాటికి తాళంచెవే ఉండేది కాదు. డాష్‌బోర్డు మీద చిన్న మీట తిప్పి, కాలితో స్టార్టర్ తొక్కితే ఇంజన్ అందుకునేది. ఎవడెక్కితే వాడిదే బండి. అందుకని డ్రైవర్లు దిగేటప్పుడు బానెట్ ఎత్తి, ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్‌ని జేబులో వేసుకు పోయేవాళ్లు. అరచేతిలో ఇమిడే ముక్క. అది లేకపోతే కాయిల్ నుంచి ప్లగ్గులకి స్పార్కు చేరదు, ఇంజన్ ఎంత తిప్పినా రాదు. కొందరు స్టీరింగ్‌ని గొలుసుతో కట్టేవాళ్లు. బండికి గోడల్లేవని వాళ్లు బాధపడలేదు, దాన్ని కదలకుండా చేసి పోయారు.

నీ బండికి డిస్ట్రిబ్యూటర్ లేదు. దాని బదులు పెట్రోలు పంపు వైరు మధ్యలో, పంపుకి కరెంటు ఆపేసే కటాఫ్ స్విచ్ ఒకటి దాచి పెట్టించుకో. మంచి ఎలక్ట్రీషియన్ చేత, వారంటీ సంగతి ముందే కనుక్కుని మరీ పెట్టించు. డాష్‌బోర్డు కింద చెయ్యి తడిమితే తగిలేచోట వద్దు, అక్కడే అందరూ మొదట వెతుకుతారు. దానికి తోడు స్టీరింగ్‌కి అడ్డంగా బిగించే ఇనప లాక్. రంపం తెచ్చినవాణ్ణి అది ఆపదు. కానీ దూరం నుంచి కనబడుతుంది, పక్కబండి చూసుకుందాంలే అనిపిస్తుంది. టాప్ తీసిన బండిలో కంటికి కనబడే తాళానికి ఉన్న విలువ అదే.

ఇంకో ద్వారం ఉంది, చాలామందికి తట్టదు. మెకానిక్ తన కంప్యూటర్ తగిలించే ఓబీడీ సాకెట్టు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ తప్పనిసరైంది, ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. స్టీరింగ్ కిందే, చేతికందేంత దూరంలో ఉంటుంది. తగిన పరికరం ఉన్నవాడు కొన్ని బళ్లకి దాని ద్వారానే కొత్త తాళంచెవి తయారుచేసుకోగలడు. మూసిన కారులో వాడు ముందు లోపలికి దూరాలి. నీ బండిలో వంగితే చాలు. దానికి తాళం వేసే చిన్న మూత దొరుకుతుంది, బిగించుకో. బటన్ నొక్కితే స్టార్టయ్యే బండైతే, రాత్రిళ్లు తాళంచెవిని సిగ్నల్ ఆపే సంచిలో పెట్టు. ట్రాకరు కూడా పెట్టించు. పోయాక వెతకడానికే పనికొస్తుందనుకో, అయినా పెట్టించు.

బయట వేలాడే వస్తువుల్ని మరిచిపోకు. వెనక స్టెప్నీకి లాక్ నట్టు లేకపోతే వీల్ స్పానరుతో తీసుకుపోతారు. రాంగ్లర్ లాంటివాటికి బానెట్ కొక్కేలు బయటే ఉంటాయి, ఎవరైనా ఎత్తొచ్చు, బ్యాటరీ పోతుంది. దానికీ తాళం ఉంది. తలుపులు ఊడదీసి తిరిగే సరదా ఉంటే, వాటిని ఇంట్లో పెట్టి వెళ్లు.

అలారం గురించి అడిగావు. కంపెనీ బిగించేవాటిలో కొన్నిటిలో లోపలి కదలికని అల్ట్రాసోనిక్ సెన్సరు పసిగడుతుంది. మూసిన కారుకి బాగానే ఉంటుంది. టాప్ తీస్తే గాలి వీచినా కూస్తుంది. నాలుగుసార్లు ఉత్తినే కూసిన బండి అయిదోసారి నిజంగా కూసినా ఎవరూ తలెత్తి చూడరు. లోపలి సెన్సరుని ఆపే వీలుంటే టాప్ తీసినప్పుడు ఆపెయ్. బండి వాలితే, ఎత్తితే మోగే సెన్సరు మాత్రం ఉంచు.

ఇక పాడుచేసేవాళ్లు. నిజం చెప్పాలంటే వీళ్ల నుంచి పూర్తిగా కాపాడుకోలేవు. సీట్లో కూర్చుని ఫొటోలు దిగేవాళ్లు, తాగేసిన డబ్బా లోపలికి విసిరేవాళ్లు, తాళంచెవితో రంగు గీసేవాళ్లు. వీళ్లలో చాలామందికి నీ మీద కోపమేమీ ఉండదు. చేతికందింది, అంతే. కాబట్టి చేతికి అందకుండా చూడు. వెలుతురున్న చోట, మనుషులు వచ్చీపోయే దారి పక్కన ఆపు. మరీ జనం ఆనుకుని నిలబడే చోట వద్దు. వీలైతే వెనకభాగం గోడవైపు పెట్టు, స్టెప్నీ కూడా కాస్త భద్రం. ఎక్కువసేపు ఉండాలంటే సీట్లపైన బిగించే కవరు కప్పు. ఎండ, పిట్టల రెట్ట, ఆరని సిగరెట్ ముక్క, వీటన్నిటికీ అది మందు. ఆ సిగరెట్ ముక్కకే నేను ఎక్కువ భయపడతాను. సీటుకి చిల్లు పడితే సరే, లోపల రాజుకుంటే బండే పోతుంది. దుమ్ముపట్టిన బండి మీద నిండా కవరు మాత్రం లాగకు. గాలికి అది కదిలినప్పుడల్లా దుమ్మే రంగుని గీసేస్తుంది.

టాప్ ఎప్పుడైనా తెగితే ఆ రోజే వాన పడుతుందనుకో. ముందు ఫొటోలు తీసి, ఇన్సూరెన్సువాళ్లకి చెప్పి, తర్వాత లోపలా బయటా గుడ్డ టేపు వెయ్యి. తడి ఆరకుండా వేస్తే అతుక్కోదు. మొత్తం టాప్ మార్చాలని ఎవరైనా అంటే, అదే రోజు ఒప్పేసుకోకు. సీట్ల పనిచేసేవాడికి ఒకసారి చూపించు. గుడ్డ కుట్టు దగ్గర తెగితే బాగుచెయ్యడం తేలిక, మధ్యలో తెగితే కష్టం.

ఈ వారంలో పాలసీ చదివి, స్టెప్నీ లాక్ నట్టు బిగించి, కటాఫ్ స్విచ్ పెట్టించు. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు. స్విచ్ ఎక్కడ పెట్టించావో మాత్రం ఎవరికీ చెప్పకు, నాకు కూడా రాయనక్కర్లేదు.

ఇట్లు,
పెదనాన్న