వాల్వ్‌లో ప్లాస్టిక్ సీట్లు ఎందుకు పెడతారు, వేడికి కరిగిపోవా?

సీట్లంటే వాల్వ్ లోపల తిరిగే భాగం ఆనుకునే రింగులు, లీక్ కాకుండా బిగుతుగా మూసుకోడానికి, రాపిడి, అరుగుదల తగ్గడానికి వాటిని ప్లాస్టిక్‌తో పెడతారు, అంత తేలిగ్గా కరగవు కూడా, ఎందుకంటే అవి మామూలు ప్లాస్టిక్ కాదు, టెఫ్లాన్, పీక్ లాంటివి, 320 డిగ్రీల సెల్సియస్ దాటాకే కరుగుతాయి. స్టీల్ మీద స్టీల్ పొడిగా రుద్దుకుంటే ఒకదాన్నొకటి పట్టేసి గీతలు పడతాయి, టెఫ్లాన్ అయితే పల్చటి పొరగా మెటల్ మీదకి ఎక్కి గ్రీజు లేకపోయినా జారుతుంది. బాల్ వాల్వ్ విప్పి చూడండి, స్టీల్ బంతికి రెండు పక్కలా తెల్లటి రింగులుంటాయి, అవే సీట్లు, హ్యాండిల్ తేలిగ్గా తిరిగేది వాటివల్లే.

చాలామంది కరగదు కదా అని 300 డిగ్రీల ఆవిరి లైన్లో కూడా పెట్టేయొచ్చనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు, కరగడానికి చాలా ముందే మెత్తబడి ప్రెషర్‌కి నలిగి లీక్ మొదలవుతుంది. టెఫ్లాన్‌కి నిలకడగా వాడే హద్దు సుమారు 260 డిగ్రీలే, ప్రెషర్ పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది, అలాంటి చోట మెటల్ సీటు లాంటివే దిక్కు.