లివింగ్‌స్టన్ వెంట నడిచినవాళ్లు

ప్రశ్న: డేవిడ్ లివింగ్‌స్టన్ ఒంటరిగా ఆఫ్రికా ఖండాన్ని దాటాడని చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పేవారండీ. నిజంగా ఒక్కడే వెళ్లాడా?

జవాబు: స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆ మిషనరీ ఖండం దాటిన మాట నిజం, ఒక్కడే అన్నది మాత్రం కాదు. 1853 నవంబరులో దక్షిణ ఆఫ్రికా ఖండం లోపలున్న మకొలోలో తెగ ముఖ్య ఊరు లిన్యాంటి నుంచి పడమటి తీరానికి బయల్దేరినప్పుడు ఆయన వెంట 27 మంది ఆఫ్రికన్లు ఉన్నారు. వాళ్లని పంపింది మకొలోలో రాజు సెకెలెటు. అక్కడ ఏ ధర పలుకుతుందో చూసి రమ్మని ఏనుగు దంతాలు కూడా ఇచ్చాడు, ఎందుకంటే సముద్రం దాకా వ్యాపారానికి దారి పడితే లాభం ఆయన ప్రజలకే. మిషనరీకి ఈ ప్రయాణం ఎంత ముఖ్యమో ఆ రాజుకీ అంతే ముఖ్యం.

సామాను చాలా తక్కువ. చిన్న డేరా, కప్పుకోడానికి గొర్రెతోలు, కొన్ని రేకు పెట్టెలు, ఇంకా గాజు పలకల మీది బొమ్మల్ని దీపంతో తెర మీద పెద్దవిగా చూపించే ఓ మ్యాజిక్ లాంతరు. షింటే అనే నాయకుడి ఊళ్లో ఆ లాంతరుతో, అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయే బొమ్మ చూపించి, స్లైడు పక్కకి జరిపేసరికి కత్తి తమ మీదికే వస్తోందనుకుని ఆడవాళ్లంతా అమ్మా అమ్మా అని అరుస్తూ పరుగు తీశారు.

ఆ తర్వాత వానలు, వదలని జ్వరం. దారి వదలాలంటే మనిషినో ఎద్దునో తుపాకీనో ఇమ్మని చొక్వే తెగ వాళ్లు అడ్డం తిరిగారు. మనిషిని ఇస్తే బానిస చేస్తారని ఆయన ససేమిరా ఒప్పుకోలేదు, చివరికి ఎద్దునిచ్చి బయటపడ్డారు.

1854 మే 31న పడమటి తీరంలోని రేవు లువాండా చేరేటప్పటికి ఆయన మంచం పట్టాడు. వెంట వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేదు, కట్టెలు కొట్టి ఊళ్లో అమ్మారు, ఓడలోంచి బొగ్గు దింపి కూలి సంపాదించారు. ఇంగ్లండ్ తీసుకెళ్తామని బ్రిటిష్ ఓడల వాళ్లు పిలిస్తే, వీళ్లని ఇంటికి చేరుస్తానని మాటిచ్చానంటూ ఆయన వెనక్కే నడిచాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగేది ఇక్కడే. తర్వాత సెకెలెటు ఇచ్చిన ఇంకో వంద మందికి పైగా మనుషులతో తూర్పుకు సాగి, 1856 మేలో తూర్పు తీరంలోని కెలిమాని దగ్గర సముద్రం చూశాడు. ఇంతమంది ఉంటే కథలో ఒక్కడే మిగలడం అన్యాయం కదా!

ప్రశ్న: ఆయనకి మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: ఉంది. 1864లో చిన్న ఆవిరి పడవలో జాంజిబార్ నుంచి బొంబాయి వచ్చాడు. బానిసత్వం నుంచి విడిపించిన ఆఫ్రికన్ పిల్లలకి అప్పట్లో నాసిక్ దగ్గర మిషన్ స్కూలు ఉండేది, అక్కడ చదివిన కుర్రాళ్లు కొందరు ఆయన చివరి ప్రయాణంలో ఉన్నారు. 1873 మే నెలలో, ఇప్పటి జాంబియాలో ఆయన చనిపోతే గుండెను అక్కడే పాతిపెట్టారు, ప్రార్థన చదివింది నాసిక్‌లో చదివిన జేకబ్ వెయిన్‌రైట్. దేహాన్ని ఉప్పు పెట్టి ఎండబెట్టి, చెట్టు బెరడులో చుట్టి, ఆయన్ని ఏళ్లుగా వెన్నంటి ఉన్న ఆఫ్రికన్ అనుచరులు సూసీ, చూమా ముందుండి నెలల తరబడి మోయించి తీరానికి చేర్చారు. మధ్యలో కామెరాన్ అనే ఇంగ్లీషు అధికారి ఇక్కడే పూడ్చేయండన్నా వినలేదు. 1874 ఏప్రిల్ 18న లండన్‌లో జరిగిన అంత్యక్రియల్లో జేకబ్ ఉన్నాడు. సూసీ, చూమాలను ఇంగ్లండ్ రప్పించింది మాత్రం అంతా అయిపోయాకే.